తాళాల్లో ఆయనెందుకుంటాడు?

మా బావకు ఏ వస్తువునైనా అదేమిటో చూసి సర్దడం చేతకాదు. అది ఎవరిదో చూసి సర్దుతాడు. లోకమంతా కత్తెరను కత్తెర ఉండే చోట పెడుతుంది. మా బావ కత్తెర మాత్రం కిందింటావిడ ఇచ్చిన సామాన్ల అరలో, ఆవిడే ఇచ్చిన గొడుగుకీ, ఆవిడే ఇచ్చిన దగ్గు మందుకీ మధ్యన ఉంటుంది. అలాంటి మనిషితో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నందుకు మా అక్కకి దండం పెట్టాలి. అదే మనిషితో రెండేళ్ళుగా పాడ్‌కాస్ట్ చేస్తున్నందుకు నాకెవరు దండం పెడతారో ఇంకా తేలలేదు.

ఉద్యోగంలోనూ అంతే. బస్సు డిపోలో విడిభాగాల స్టోరు ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన చేతి కింద నడిచింది. మెకానిక్ వచ్చి క్లచ్ ప్లేటు కావాలంటే, "ఎవరిది? అలిగి బదిలీ చేయించుకున్న డ్రైవర్దా, కవల పిల్లల తండ్రిదా?" అని అడిగేవాడట. పాపం ఆ మెకానిక్‌కి ప్లేటు నంబరు తెలుసుగానీ కవలల సంగతి ఎలా తెలుస్తుంది? విచిత్రమేమిటంటే అన్నేళ్ళలో ఆ స్టోరు నుంచి ఒక్క నట్టు కూడా పోలేదు. ఈయన రిటైరయ్యాక వచ్చిన కొత్త కీపరు మూడో రోజున ఆ అరల ముందు కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు.

పాడ్‌కాస్ట్ ఆలోచన మా అక్కది. నేను డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఎడిటర్ని. ఒకరోజు అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, రిటైరైన దగ్గర్నుంచీ మీ బావ నాకు సేఫ్టీ పిన్ను ఎలా పుట్టిందో మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి వినే ఓపిక నాకు లేదు. వినేవాళ్ళు ఎక్కడన్నా దొరుకుతారేమో చూడు," అంది. అలా మొదలైంది 'ఇంట్లో ఉన్నదే'. ఎపిసోడ్‌కి ఒక చిన్న వస్తువు, ఇరవై నిమిషాలు. పడగ్గది గోడలకి దుప్పట్లు వేలాడదీశాం. ఇస్త్రీ బల్ల మీద మైకు పెట్టాం. ఆదివారం పొద్దున్నే రికార్డింగ్. బావ గొంతు బాగుంటుంది, చెప్పే తీరు ఇంకా బాగుంటుంది. వినేవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. అందులో డిపో వాళ్ళని తీసేస్తే ఎందరు మిగులుతారో నేనెప్పుడూ లెక్క వేయలేదు. కొన్ని లెక్కలు వేయకపోతేనే ఆరోగ్యం.

చిక్కంతా రీసెర్చ్ దగ్గర. బావ ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెడితే టైపు చేసేది ఒక్క వేలితోనేగానీ, చూపు మాత్రం గద్ద చూపు. ఎవరూ తొంగిచూడని సందుగొందుల్లోకి వెళ్ళి, ఎవరో ఇష్టం కొద్దీ రాసుకుంటున్న పేజీలు పట్టుకొస్తాడు. అంతవరకూ బంగారమే. తెచ్చినదాన్ని దాచుకునే దగ్గరే నా ప్రాణం మీదికొస్తుంది.

గొడుగు ఎపిసోడ్ రోజు మైకు ముందు కూర్చున్నాక అడిగాను.

"బావా, గొడుగు మడతపెట్టడం ఎలా మొదలైందో చదివానన్నావుగా, ఆ పేజీ ఏది?"

"తిట్లాయనలో చూడు."

"తిట్లాయనెవరు?"

"గొడుగులు బాగుచేసే ఆయన. ఏం రాసినా ముందు నలుగుర్ని తిట్టి మొదలుపెడతాడు. గాలిని కూడా తిడతాడు."

'తిట్లాయన' అనే ఫోల్డర్ తెరిచాను. ఇరవై మూడు పేజీలున్నాయి. వాటిలో గొడుగుల గురించి మూడు. మిగతావి ఆయన పంటి నొప్పి మీద, పక్కింటి కుక్క మీద, సరిగా తిరగని రేడియో బటన్ మీద.

"ఈ కుక్క గొడవ మనకెందుకు బావా?"

"అది కూడా ఆయనే రాశాడుగా."

అన్నీ అలాగే ఉన్నాయి. 'పిల్లి మేడమ్' అంటే సూదులూ దారాల గురించి రాసే ఆవిడ, ప్రతి ఫొటోలోనూ ఆవిడ పిల్లి కూర్చుని ఉంటుంది. 'క్షమించాలి మాస్టారు' అంటే పెన్సిళ్ళ గురించి రాసే రిటైర్డ్ టీచరు, ప్రతిసారీ ఆలస్యానికి క్షమించమంటాడు. 'అన్నదమ్ములు – మాటల్లేవు' అని ఒకటి. ఇద్దరూ తక్కెడల గురించే చెరో పేజీ రాస్తారు. 'మోకాలాయన' అంటే ఒకప్పుడు తాళాలు బాగుచేసే దుకాణం నడిపిన పెద్దాయన. ప్రతి కథా ఆ రోజు మోకాలి పరిస్థితి చెప్పాకే తాళంలోకి దిగుతాడట. ఇలా నలభై ఒక్క మంది. స్టేప్లర్ గురించి కావాలంటే స్టేప్లర్ అని వెతికితే ఏమీ దొరకదు. 'కూతురి పెళ్ళి హడావిడిలో ఉన్నాయన' అని వెతకాలి.

నేనూ ఊరుకోలేదు. ఒక ఆదివారం కూర్చుని చక్కటి పట్టిక తయారుచేశాను. వస్తువు, విషయం, లింకు, తేదీ, నాలుగే గళ్ళు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. బావ బుద్ధిగా తల ఊపాడు. మరుసటి వారం తెరిచి చూస్తే 'వస్తువు' గడిలో 'ఈయనకి మనవరాలు పుట్టింది' అని ఉంది. 'విషయం' గడిలో 'రెండు కిలోల తొమ్మిది వందలు' అని ఉంది. లింకు లేదు.

"బావా, లింకేది?"

"ఆ సంతోషంలో మర్చిపోయాను."

ఇది చాలదన్నట్టు పొద్దున్నే ఇంకో తంతు. ఏడు కొట్టగానే ఆ ముసలి కంప్యూటర్ ముందు కూర్చుని నలభై ఒక్క పేజీలూ ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తాడు. తర్వాత తన ఫోన్లో తెరుస్తాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, "నీ ఫోన్ ఒకసారి ఇస్తావా?" అని అక్కనడుగుతాడు. హాస్టల్లో ఉన్న మేనకోడలు వదిలేసి వెళ్ళిన ట్యాబ్‌లో తెరుస్తాడు. "మీకు నెట్ సరిగ్గా వస్తోందా, చూసి పెడతా," అంటూ కిందింటావిడ ఫోన్, వాచ్‌మన్ ఫోన్, పాలు తెచ్చే ఆయన ఫోన్ కూడా చేతిలోకి తీసుకుంటాడు. ఆదివారం నేను గుమ్మంలో చెప్పులు విప్పేలోగా నా ఫోన్ ఆయన చేతిలో ఉంటుంది.

"ఏం చేస్తున్నావు బావా, అవే పేజీలు ఇన్నిసార్లు?"

"ఊరికే. చూస్తున్నా."

"వ్యసనంరా," అంది అక్క. "కొందరికి పేకాట. ఈయనకి ఇది. నా ఫోన్లో పాలు పొంగేదాకా తాళాలే."

ఇంతలో మాకొక అదృష్టం తలుపు తట్టింది. ఒక పేరున్న ఆడియో సంస్థలో ప్రొడ్యూసర్ మేడమ్ సేఫ్టీ పిన్ను ఎపిసోడ్ విని ఫోన్ చేసింది. పన్నెండు ఎపిసోడ్లు మీతో చేయించుకోవాలని ఉంది, ముందు ఒక నమూనా ఎపిసోడ్ పంపండి, దాంతోపాటు మీరు రీసెర్చ్ ఎలా చేస్తారో ఆ ఫైళ్ళన్నీ చూపించండి, అంది. బావ మొహం వెలిగిపోయింది. ఆ రోజంతా ఇంట్లో ఎవరూ అడక్కుండానే స్టూలు ఎక్కి ఫ్యాన్లు తుడిచాడు. నమూనాకి తాళం ఎపిసోడ్ చేద్దామనుకున్నాం.

నా భయం నాది. ఆ మేడమ్ ఫైళ్ళు తెరిచి 'తిట్లాయన'ని చూస్తే మా గతేమిటి?

ఆ ఆదివారం బావ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అదే అదను అనుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాలుగు గంటలు వెన్ను వంచి పని చేశాను. తాళాలు, గొడుగులు, సూదులు, తక్కెడలు, పెన్సిళ్ళు. దేని ఫోల్డర్ దానికి. పనికొచ్చే పేజీలన్నీ కంప్యూటర్లోకే కాపీ చేసి పెట్టాను, ఇక నెట్ మీద ఆధారపడే పని లేకుండా. కుక్కలూ పంటి నొప్పులూ మనవరాళ్ళూ అన్నీ తీసేశాను. లింకులు చెరిపేశాను. ముసలి కంప్యూటర్ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని కుర్రదైపోయింది.

బావ కళ్ళలో మందు చుక్కలతో వచ్చి, తెర వైపు వంగి చాలాసేపు చూశాడు. కోప్పడలేదు.

"మోకాలాయన ఎక్కడున్నాడు?"

"తాళాల్లో ఉన్నాడు."

"తాళాల్లో ఆయనెందుకుంటాడు?"

"తాళాల గురించి రాస్తాడు కాబట్టి."

"ఆయన తాళాల గురించి రాస్తాడుగానీ, తాళం కాదు కదరా."

ఈయనకి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రెండు రోజులు గొణిగి ఆయనే దారిలో పడ్డాడని అక్క చెప్పింది. పొద్దున్నే ఏడింటికి కాపీలన్నీ తెరుస్తున్నాడట. అందరి ఫోన్లలోకీ కూడా ఆ కాపీలే పంపించుకుని తెరుస్తున్నాడట. "గాలిలా తెరుచుకుంటున్నాయిరా, నీ పనితనం మంచిదే," అని నాతో అన్నాడు కూడా. నా జన్మ ధన్యమైంది.

రెండు వారాల తర్వాత తాళం ఎపిసోడ్ రికార్డింగ్. మైకు సిద్ధంగా ఉంది. బావ మనసే సిద్ధంగా లేదు.

"ఏదో అయిందిరా వీళ్ళకి," అన్నాడు.

"ఎవరికి?"

"అందరికీ. మోకాలాయన రెండు వారాలుగా కొత్తగా ఏమీ రాయలేదు. పిల్లి మేడమ్ రాయలేదు. తిట్లాయన ఒక్కర్ని కూడా తిట్టలేదు. ఆయన తిట్టకుండా రెండు వారాలుండటమంటే మామూలు విషయం కాదు. నలభై ఒక్క మందికీ ఒకేసారి ఒంట్లో బాగోలేకపోవడమేమిటి?"

కాపీలో కొత్త రాత ఎలా వస్తుంది బావా, అని చెప్పబోయాను. ఈలోగా ఆయన ఫోన్ తీశాడు. మోకాలాయన పేజీ అడుగున ఎప్పుడూ ఆయన నంబరు ఉండేదట. అది బావకు కంఠతా వచ్చు. రికార్డింగ్ నడుస్తుండగానే స్పీకర్ పెట్టాడు.

"ఎవరండీ?" అంది అవతల ఒక ముసలి గొంతు.

"నమస్కారమండీ. మోకాలెలా ఉందండీ?"

"డాక్టరుగారా?"

"కాదండీ. మీ రాతలు చదివేవాణ్ణి."

"చదివేవాళ్ళు ఇంకా మిగిలారా?" అన్నాడు ఆయన. "నేను మానేశాను బాబూ. నెలాఖరుకి ఆ పేజీ తీసేస్తున్నా."

బావ ఫోన్ మీదకి వంగాడు. "అదేమిటండీ?"

"నా పేజీకి ఒక లెక్క పెట్టించుకున్నా. రోజుకి ఎందరు చూశారో, దేంట్లో చూశారో చెబుతుంది. రెండేళ్ళుగా రోజూ ఏడుగురు వచ్చేవాళ్ళు. ఎండైనా వానైనా ఏడుగురే. పొద్దున ఏడింటికి మొదలై ఎనిమిదిలోపు వరసగా వచ్చి వెళ్ళేవాళ్ళు. మొదటాయనది బాగా పాత కంప్యూటర్. పేజీ తెరుచుకోడానికి యుగాలు పడుతుంది, అయినా విసుక్కోడు. తర్వాత ఒకరు ఫోన్లో వచ్చి అర నిమిషంలో వెళ్ళిపోతారు. ఇంట్లో పనుల మధ్య వీలు చేసుకుని చదివే ఇల్లాలేమో అనుకునేవాణ్ణి. అంత పనిలోనూ నా తాళాల కోసం వస్తోందే అని ముచ్చటేసేది."

గుమ్మంలో నిలబడ్డ మా అక్క చేతిలోని ఫోన్ వైపు చూసుకుంది.

"ఎనిమిదో ఆయన ఇంకొకరున్నారు," అన్నాడు పెద్దాయన. "ఆదివారాలు మాత్రమే వస్తారు. ఆయనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వారమంతా పనిలో మునిగి, ఉన్న ఒక్క సెలవు రోజు పొద్దునా తాళాలకిచ్చే మనిషంటే మాటలా. బాగా చదువుకున్నవారై ఉంటారు."

నేను తల దించుకుని హెడ్‌ఫోన్ వైరు సరిచేసుకున్నాను.

"రెండు వారాలుగా సున్నా బాబూ. తగ్గుతూ తగ్గుతూ పోవడం వేరు. ఒకే రోజు నుంచి అందరూ మానేశారు. అంటే నేనేదో తప్పు రాసి ఉంటాను. చివర పెట్టింది గొళ్ళెం గురించి. పదిసార్లు చదువుకున్నా. అందులో అంత కోపం రావలసింది ఏముందో నాకు కనపడలేదు."

మా బావ నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు ఉంటే బాగుండేది. ఏమీ లేదు. కాపీలంటే ఏమిటో, సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి అప్పుడే అర్థమవుతోంది. నాకు ఒక నిమిషం ముందే అర్థమైంది.

"అయ్యా," అన్నాను మైకు వైపు జరిగి. "మీ గొళ్ళెంలో తప్పేమీ లేదు. మా ఇంట్లో కంప్యూటర్ సర్దుతూ నేనే ఒక పొరపాటు చేశాను. దాంతో మా చుట్టుపక్కల అందరికీ మీ పేజీకి దారి పోయింది. ఆదివారాలు వచ్చేది నేనే."

అవతల కుర్చీ కిర్రుమంది. ఆ మోకాలితో పెద్దాయన లేచి నిలబడ్డట్టున్నాడు.

"మీరేనా? ఇన్నాళ్ళకి గొంతు విన్నాను. చెప్పండి, మీకు అన్నిటికన్నా నచ్చిందేది?"

రెండేళ్ళలో నేను అందులో ఒక్క అక్షరం చదవలేదు. దగ్గాను. ఏది చెప్పాలో ఒక పట్టాన తేల్చుకోలేకపోతున్నానన్నాను. బావ చప్పుడు చేయకుండా ఒక కాగితం మీద రాసి నా ముందుకు తోశాడు.

"రెండు చెవుల పెట్టె," అని చదివాను.

"నాకు తెలుసు," అన్నాడు పెద్దాయన. "మీరు అదే అంటారని నాకు తెలుసు."

ఇక ఆగలేదు. నలభై నిమిషాలు చెప్పాడు. తండ్రి వదిలివెళ్ళిన పెట్టె కోసం మాటలు మానేసిన అక్కచెల్లెళ్ళు ఇద్దరు ఒకప్పుడు ఆయన దుకాణానికి వచ్చారట, విడివిడిగా, ఎదుటివాళ్ళు తెరవలేని తాళం వేయించమని. ఈయన ఇద్దరికీ సరేనని, రెండు తాళంచెవులూ ఒకేసారి తిప్పితేగానీ తెరుచుకోని తాళం చేసి, చెరొక చెవీ ఇచ్చి పంపాడట. ఇద్దరూ వచ్చి ఈయన్ని కలిసికట్టుగా తిట్టారట. "మాటలు మానేశాక వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే," అన్నాడాయన. అంతా మైకులో పడింది. ఎడిటింగ్‌లో నేను తీసేసింది నా దగ్గు ఒక్కటే.

ఫోన్ పెట్టేశాక నేనే అడిగాను.

"బావా, ఆ ఏడుగురూ నువ్వేనా?"

"ఏడుగురెక్కడరా. నావి రెండే. కంప్యూటరు, ఫోను. మిగతావన్నీ మీవేగా."

"మాకు చెప్పొచ్చుగా."

"చెబితే నవ్వేవాళ్ళు." ఆయన మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. "ఒకసారి ఆయన రాసుకున్నాడు, పొద్దున్నే లేచి ఆ లెక్క చూసుకోవడమే ఇప్పుడు తనకు దుకాణం తెరవడమని. మనం ఆయన దగ్గర్నుంచి ఇన్ని కబుర్లు తెచ్చుకుంటున్నాం. రోజూ ఒకసారి పలకరించకపోతే ఎలా?"

"మరి మిగతా నలభై మంది?"

"వాళ్ళేం పాపం చేశారు?" అన్నాడు బావ, నాకే బుద్ధి లేనట్టు.

అక్క లోపలికి వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చింది. తన ఫోన్ తాళం తెరిచి బావ పక్కన పెట్టింది. మాట వరసకైనా ఆయన అడగకుండా ఆవిడ ఫోన్ ఇవ్వడం అదే మొదటిసారి.

నేను నాలుగు గంటల్లో సర్దినదాన్ని మళ్ళీ చెదరగొట్టడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. బావ పక్కన కూర్చుని చెబుతుంటే నేను లింకులు వెతికి పెట్టాను. కుక్కని తిట్లాయనకి అప్పగించాను. మనవరాలిని తాతగారి దగ్గరికి చేర్చాను. ఆ పిల్లకప్పటికి రెండు పళ్ళు వచ్చాయి. ఒళ్ళు మండిపోయిందిగానీ, పైకి అనే హక్కు నాకు లేకపోయింది.

ప్రొడ్యూసర్ మేడమ్‌కి తాళం ఎపిసోడ్ పంపాం. ఫైళ్ళు కూడా ఉన్నవి ఉన్నట్టుగానే పంపాం. వారం తర్వాత ఆవిడ ఫోన్ చేసింది.

"ఫైళ్ళు చూశానండీ. ఏ వస్తువు ఎక్కడుందో నాకొక్కటీ అర్థం కాలేదు," అంది.

నేను కళ్ళు మూసుకున్నాను.

"పొద్దున పది నిమిషాలు చూద్దామని తెరిచి, మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి మనుషుల గురించి చదువుతూ కూర్చున్నాను. పన్నెండూ చేద్దాం. ఒక్కటే షరతు. ఒక్కో ఎపిసోడ్‌లో వీళ్ళలో ఒకరు మాట్లాడాలి."

బావ మళ్ళీ ఫ్యాన్లు తుడిచాడు. అవి మొన్న తుడిచినవే.

తాళం ఎపిసోడ్ సంస్థ వాళ్ళ ద్వారా బయటికి వెళ్ళాక, ఒక ఆదివారం పొద్దున ఎనిమిది కాకముందే పెద్దాయన ఫోన్. నేనూ అక్కడే ఉన్నాను.

"బాబూ, పెద్ద ఇబ్బందొచ్చి పడింది," అన్నాడు. "నిన్న ఒక్కరోజే నాలుగు వందల అరవై మంది వచ్చారు. ఎవరో ఏమిటో ఒక్కరూ తెలియదు. సంతోషమే, కాదనను. కానీ ఈ తొక్కిసలాటలో నా పాత ఏడుగురూ నాకు కనపడటం లేదు. వస్తున్నారో లేదో, వాళ్ళకి చోటు దొరుకుతోందో లేదో. మీకేమైనా తెలుసా?"

"అందరూ కులాసాగా ఉన్నారండీ," అన్నాడు బావ. "పొద్దున్నే వచ్చి వెళ్ళారు."

"ఇల్లాలు?"

"వచ్చిందండీ. ఇవాళ రెండు నిమిషాలు ఉంది."

"మరి ఆ పాత కంప్యూటరాయన?"

బావ తెర వైపు చూశాడు. తెర మధ్యలో చిన్న చక్రం నింపాదిగా తిరుగుతోంది.

"ఆయన గుమ్మం దాకా వచ్చేశారండీ," అన్నాడు. "చెప్పులు విప్పుకుంటున్నారు."